మొలతాడుకు కట్టిన ముద్ర

బండరాళ్లు పేల్చిన ప్రతిసారీ ఆయన చెయ్యి మొలతాడు మీదికి పోయేది. హైటెక్ సిటీ లేస్తున్న రోజులవి. మాదాపూర్‌లో ఉద్యోగం దొరికి, అక్కడే ఒక పాత మఠం వెనక గదిలో కిరాయికి దిగాను. మఠం ఇత్తడి ముద్రను కాపాడే పెద్దమనిషి ఆయన. పంచె కింద, మొలతాడుకే దాన్ని కట్టుకునేవాడు. లక్క మీద ఆ ముద్ర పడితేనే మఠం మాట చెల్లుతుంది. మఠాధిపతి స్వామివారు కాలం చేస్తే వారి పేరున ఇంకెవరూ వాడకుండా, ఏడవడానికంటే ముందే ఈ పెద్దమనిషి దాన్ని సుత్తితో చితగ్గొట్టాలని ఆచారం.

ఆ ఏడు స్వామివారు మంచం పట్టారు. మఠం భూములు కొనాలని చూసేవాళ్లు పండ్లబుట్టలతో వచ్చి వరండాలో కూర్చునేవారు. "ఒక్క ముద్ర వెయ్యి పెద్దాయనా, ఇగ నీకేం ఫికర్ ఉండది" అనేవారు. ఆయన అన్నం తింటూ తింటూ ముద్ద వదిలేసి మొల తడుముకునేవాడు.

"నాకు జర కన్నంటుకుంటే ఏంది బిడ్డా గతి?" అని నన్నడిగేవాడు.

ఒక మధ్యాహ్నం సుత్తి చప్పుడు వినబడింది. స్వామివారు పోయారనుకుని పరుగెత్తాను. అరుగు మీద ఆయన, నలిగిన ఇత్తడి ముక్కను పట్టుకుని కూర్చున్నాడు. లోపలి నుంచి స్వామివారి దగ్గు వినబడుతోంది.

ఆ ముక్కను తీసుకెళ్లి మంచం మీద పెట్టాడు. "తప్పైంది స్వామీ. భయానికి ఆగలేకపోయిన. మీరుండంగనే కొట్టిన."

స్వామివారు దాన్ని చాలాసేపు వేళ్లతో తడిమారు.

"అయితే నేను పోయినట్టే గద" అన్నారు. "ఇగ ఏడువు."

అప్పుడు ఏడ్చాడు ఆయన. ఏడుస్తున్నంతసేపూ ఒక చెయ్యి మొలతాడు మీదే ఉంది.