పెన్ను పెట్టొద్దన్న చీటీ

సమ్మయ్య తన వయసును జాతరల్లో చెప్పేవాడు. ములుగు దగ్గరి పల్లెలో, మిరప పండించే ఇంట్లో, మేడారం పోయే ఎడ్లబండ్లు వాకిటి ముందు బారులు తీరిన రోజున పుట్టాడు. అందుకే తల్లి ఆయనకు సమ్మక్క పేరు పెట్టుకుంది. జాతర ఏడు విడిచి ఏడు వస్తుంది. ఆ లెక్కన పన్నెండు జాతరల వయసులో హైదరాబాదు వచ్చి, తార్నాక చౌరస్తా వెనక రేకుల షెడ్డులో ఉన్న మందుల హోల్‌సేల్ కంపెనీలో చేరాడు.

చేరింది చెక్కపెట్టెలకు మేకులు కొట్టడానికి. సీసాల మీది పేర్లు చూసి ఇంగ్లీషు అక్షరాలు ఒక్కొక్కటే నేర్చుకున్నాడు. ఏడెనిమిదేళ్లకు, ఏ ఊరి దుకాణానికి ఏ మందు ఎన్ని పెట్టెలు పోవాలో చీటీ రాసేవాడయ్యాడు. ఆ చీటీ తప్పిందని ఏ దుకాణందారూ కబురు పంపిన రోజు లేదు.

ఆ విద్య ఆయనకు ఖాళీ పెట్టెలు నేర్పాయి. ఊళ్ల నుంచి తిరిగొచ్చే పెట్టెల్లో ఖాళీ సీసాలు పగలకుండా గడ్డి కుక్కి పంపేవాళ్లు. సమ్మయ్య ఆ గడ్డిని పిడికిట్లోకి తీసుకుని చూసేవాడు. కొత్త వరిగడ్డి అయితే ఆ ఊళ్లో పంట ఇంటికొచ్చింది, టానిక్కులు అడుగుతారు. ముక్కిన పాత గడ్డి, ఎండుటాకులు అయితే చెరువు అడుగంటింది, ఉన్న నీళ్లు మంచివి కావు, బేదుల మందు ఎక్కువ పంపాలి. మిగతాది లారీ క్లీనర్లకు చాయ్ తాగించి తెలుసుకునేవాడు.

పందొమ్మిది వందల అరవై ఆరు చివర్లో కంపెనీ యజమాని లక్ష్మీనర్సయ్య సేటు బొంబాయి పోయి వచ్చాడు. అక్కడ మిషిన్లే ఆలోచిస్తున్నాయట. యూనివర్సిటీ క్యాంపస్‌లో ఒక డిపార్టుమెంటుకు వచ్చిన కంప్యూటరును వారానికి రెండు గంటలు వాడుకోవడానికి మాట్లాడుకున్నాడు. అన్నీ ఒక్కసారి కాదు, మెల్లమెల్లగా అన్నాడు. మొదట దుకాణాల పేర్లు, అడ్రసులు చిల్లులుగా మారి అట్టకార్డులకెక్కాయి. ఆర్నెల్లకు గోదాములో సరుకు ఎక్కింది. మెల్లగా అన్న మాటకు అర్థం సమ్మయ్యకు ఆలస్యంగా తెలిసింది. ప్రతిసారీ ఆయన చేతిలోంచి పోయేది ఒక్కటే. ఒక్కదాని కోసం ఎవరు కొట్లాడతారు?

పైగా ఆ కార్డుల పెట్టెను శనివారం శనివారం మోసిందీ ఆయనే. క్యాంపస్‌ను ఆనుకుని ఉన్న మాణికేశ్వర్ నగర్‌లో ఆయన ఇల్లు. దారి తెలిసినవాడు కదా అన్నాడు సేటు. మిషిను గది ముందు చెప్పులు విడవాలి, గట్టిగా మాట్లాడొద్దు, చల్లటి గాలి బయటికి పోకుండా తలుపు వెంటనే మూయాలి. ఇదంతా విని, పెట్టెలకు మేకులు కొట్టే సామేలు సుత్తె పక్కన పెట్టాడు.

"మా చర్చిల గూడ గింత లేదన్నా. కొబ్బరికాయ కొట్టినవా మరి?"

"నన్నే కొడుతున్నర్రా ఆడ" అన్నాడు సమ్మయ్య.

మూడోసారి చీటీ వంతు వచ్చింది. దానికోసం క్యాంపస్ నుంచి అరుంధతి అనే లెక్కల లెక్చరరు షెడ్డుకు వచ్చింది. ఆమె ఆయన్ని సమ్మయ్యగారూ అని పిలిచింది. ఆ షెడ్డులో ఆయన్ని అట్లా పిలిచినవాళ్లు అంతకుముందు లేరు. ఏ ఊరికి ఎన్నో ఎట్లా చెప్తారని అడిగితే, ఆయన గడ్డి తీసి ఆమె అరచేతిలో పెట్టాడు. ఆమె నవ్వలేదు, చాలాసేపు చూసింది. ఇది కార్డుకెక్కదని మాత్రం చెప్పింది. కనీసం మూడేళ్ల రిజిస్టర్లు ఇమ్మని సేటును అడిగింది. పాతవి చిల్లులు కొట్టించడం దండగ, పోయిన ఏడాదిది చాలు, పోయిన ఏడు ఏ నెలలో ఎంత పోయిందో ఈ ఏడూ అంతే పోతుంది అన్నాడు సేటు.

"అట్ల కాదు సేటు, నడుమల జాతరొస్తది" అన్నాడు సమ్మయ్య. పోయిన మాఘంలో జాతర లేదని, రాబోయే మాఘపున్నమికి ఉన్నదని చెప్పాడు. లక్షల మంది బండ్ల మీద, కాలినడకన అడవిలోకి పోతారు. వాగు నీళ్లు తాగుతారు. కాళ్లు పగులుతాయి. బేదుల మందు, టించరు, కట్టుగుడ్డ, నొప్పుల బామ్ పదింతలు కావాలి. అరుంధతి తన కాగితం అంచున రాసుకుంది. సేటు ఆ కాగితం తీసుకుని, ఆ ఒక్క వాక్యం మీద అడ్డంగా గీత గీశాడు.

"దేవరల ముచ్చట్లు మిషినుకెందుకమ్మా?"

అరవై ఎనిమిది మాఘంలో మిషిను చీటీ వచ్చింది. ములుగుకు నాలుగు పెట్టెలు. సమ్మయ్య ఎర్రపెన్సిల్ తీసి, నాలుగు కొట్టేసి నలభై రాశాడు. ఎవరినీ అడగలేదు. జాతర మూడో రోజుకు ములుగు దుకాణాల్లో ఒక్క సీసా మిగల్లేదు. ఆ ఏడు అక్కడ దారిలో బేదులు పట్టి ఆ మందుతో లేచినవాళ్లు ఎంతమందో ఏ కార్డు మీదా లేదు.

సేటు బొంబాయి వ్యాపారులకు ఆ నలభై పెట్టెలను తన మిషిను గొప్పగా చెప్పుకున్నాడు. తర్వాత సమ్మయ్యను పిలిపించి, అడగకుండా దిద్దినందుకు అందరి ముందు గడ్డి పెట్టాడు. ఇకనుంచి మిషిను చీటీ మీద ఎవరూ పెన్ను పెట్టొద్దని కాగితం టైపు చేయించి షెడ్డు గోడకు అతికించాడు. పేరు రాయలేదు గానీ, ఆ షెడ్డులో చీటీ మీద పెన్ను పెట్టేవాడు ఒక్కడే.

నలభై పెట్టెలు మాత్రం కార్డులకెక్కాయి. ఎందుకు పోయాయో ఎక్కలేదు.

అరవై తొమ్మిది మాఘం వచ్చింది. అప్పటికి ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం మొదలైంది. క్లాసులు లేవు, క్యాంపస్ గేటు నుంచి తార్నాక దాకా రోజూ ఊరేగింపులు, లాఠీలు. మిషిను చీటీ మాత్రం టంచనుగా వచ్చింది. ములుగుకు నలభై పెట్టెలు. సమ్మయ్య దాన్ని పట్టుకుని సేటు దగ్గరికి పోయాడు. ఈ ఏడు జాతర లేదన్నాడు. ఈ టించరు, ఈ కట్టుగుడ్డ ఇక్కడే కావాలన్నాడు.

సేటు తల ఎత్తలేదు. "నీ పని పోయిందని మిషిను మీద కండ్లల్ల నిప్పులు పోసుకుంటున్నవు సమ్మయ్యా. రాసినట్టు పంపు."

రాసినట్టే పంపాడు. సామేలు మేకు కొడుతూ, పెన్సిల్ తియ్యమని నోటితో కాదు, కళ్లతో చెప్పాడు. సమ్మయ్య గోడ మీది కాగితం చూపించాడు.

నాలుగో రోజు చౌరస్తాలో మందుల దుకాణం నడిపే కొమురెల్లి వచ్చాడు. తలలు పగిలిన పిల్లలు తన అరుగు మీద కూర్చున్నారని, టించరు సీసాలు ఎన్ని ఉంటే అన్ని ఇమ్మని అడిగాడు. ఒక్కటీ లేదు. మధ్యాహ్నం మళ్లీ వచ్చాడు. మూడోసారి వచ్చినప్పుడు చొక్కా మీద రక్తం ఉంది. అది ఆయనది కాదు. ఆ రోజు సమ్మయ్య ఇంటికి పోయి అన్నం ముట్టలేదు. భార్య కాశమ్మ రెండుసార్లు పిలిచి ఊరుకుంది.

ములుగు దుకాణాలవాళ్లు తిట్టుకుంటూ ముప్పై ఆరు పెట్టెలు తిప్పి పంపారు. అవి లారీ దిగిన రోజే సేటు ఇంకో కాగితం టైపు చేయించాడు. చీటీలో స్పష్టమైన పొరపాటు ఉన్నా సమ్మయ్య అనే గుమస్తా నిర్లక్ష్యం వల్ల సరిదిద్దలేదని, తప్పు తనదేనని ఒప్పుకుంటున్నాడని అందులో ఉంది. సంతకం పెట్టి పెట్టెల పనికి పొమ్మన్నాడు. తన పెన్నే మూత తీసి అందించాడు.

సమ్మయ్య పెన్ను అందుకోలేదు.

"పెన్ను పెట్టొద్దన్నరు గద సేటు."

షెడ్డులో సుత్తెలు ఆగాయి. సేటు మొహం ఎర్రబడింది. సంతకం లేకపోతే నౌకరీ లేదన్నాడు. సమ్మయ్య ఆ కాగితం మడిచి జేబులో పెట్టుకుని, గోడ మీది కాగితం కూడా గోళ్లతో పీకి తీసుకుని బయటికి నడిచాడు. పదిహేడేళ్ల కొలువు. వెనక్కి పిలిచినవాడు లేడు. మళ్లీ సుత్తె పట్టడానికి సామేలుకు మాత్రం చేయి రాలేదట. ఆ మాట అతనే చాలా ఏళ్ల తర్వాత, సమ్మయ్యను మట్టిలో పెట్టి వచ్చిన రోజు, ఆ ఇంటి వాకిట్లో కూర్చుని చెప్పాడు.

కొమురెల్లి ఆయన్ని తన దుకాణంలో పెట్టుకున్నాడు. డెబ్బై మాఘం రాబోతుండగా ఒక ఆదివారం అరుంధతి మాణికేశ్వర్ నగర్ సందులు వెతుక్కుంటూ ఇంటికి వచ్చింది. కాశమ్మ చాప వేసింది. జాతర తేదీ, ఏ ఊరికి ఎంత, ఏ మందు ముందు అయిపోతుందో చెప్పమంది, ఈసారి సరిగ్గా ఎక్కిస్తానంది. సేటు పంపాడా అని అడిగితే కాదనలేకపోయింది.

తను చెప్పకపోతే మందు అందక ఎండేది సేటు నోరు కాదు, ఆ దారిలో బండ్ల మీద పోయేవాళ్ల నోళ్లు. అది సేటుకూ తెలుసు. తెలిసే పంపాడు. అందుకే సమ్మయ్యకు ఇంకా మండింది.

అన్నీ చెప్పాడు. ఊరు ఊరూ, మందు మందూ. ఆమె రాసుకుని లేవబోతుంటే ఆపాడు.

"గివి ఎవరు చెప్పిండ్రో గూడ ఎక్కియ్యుండ్రి మేడం."

ఆమె తను తెచ్చిన అట్టకార్డు వైపు చూసింది. చెప్పినవాళ్ల పేరుకు దానిలో గడి లేదని మెల్లగా చెప్పింది.

"గడ్డికీ లేకుండె" అన్నాడు సమ్మయ్య, తలుపు తీసి పట్టుకుని.