ఆముదం తాపింది నేనే

ఈ మాట నా గొంతులో అడ్డం పడి ఏండ్లయిపాయ. మింగలేకపోతి, కక్కలేకపోతి. నువ్వెవరో నాకు తెలీదు, నేనెవరో నీకు తెలీదు. అందుకే నీకు చెప్పుకుంటాండా. తెలిసినోళ్ళ మొహం చూసి చెప్పే ధైర్యం నాకు ఎన్నడూ రాలేదు.

నా చెల్లెలి బిడ్డ లోకం చూడకముందే పోయింది. దానికి కారణం నేను.

ఇంతే. రెండు వాక్యాలు. ఇవి రాయడానికి ఇన్నేండ్లు చెయ్యి రాలేదు.

మేము దూదేకులోళ్ళం. నా మొగుడు కొత్తచెరువు చుట్టుపక్కల పల్లెలన్నీ తిరిగి పరుపులకు దూది ఏకేవాడు. మా అమ్మ మా చిన్నప్పుడే పోయింది. చెల్లెలు మాబున్నిని ఎత్తుకోని పెంచింది నేనే. నాయన దానికి సోమందేపల్లె సంబంధం చూసి పెండ్లి చేసినాడు, ఆ మరుసటేడే ఆయనా పోయినాడు. ఇంక తొలి కాన్పుకు దానికి పుట్టిల్లంటే నా ఇల్లే. నెలలు నిండొస్తాన్నప్పుడు నేనే పోయి పిల్చుకొచ్చినాను. సంతోషంగానే పిల్చుకొచ్చినాను. ఆ సంగతి నువ్వు నమ్మాల.

నాకప్పటికి పెండ్లయి చానా ఏండ్లయినా కడుపు పండలేదు. మా అత్త నోరు తెరిచి ఒక్క మాటా అనేది కాదు. ఆ అనకపోవడమే నన్ను తినేది. ఆ ఏడు పీర్ల పండక్కు మా పుట్టినూర్లో, పీర్లు నిప్పుల గుండం దిగే పొద్దు, తడి గుడ్డలతో నిలబడి పీర్ల ముందర చక్కెర పెట్టి చదివిస్తానని మొక్కుకున్నాను. బిడ్డ కోసం మొక్కు. అంతకు ముందు కరువుకు జనమంతా కూలికి వలసపోయి, పీర్లను ఎత్తేవాళ్ళే లేక పండగ నిలిచిపోయింది. మళ్ళా ఎప్పుడు జరుగుతుందో ఎవరికి తెలుసు? ఈసారి పోకపోతే నా బతుకింతే అనుకున్నాను.

చెల్లెలి కాన్పు దినాలూ, పండగ దినాలూ ఒకటే అయినాయి. "నిండు చూలాలిని ఇంట్లో పెట్టుకోని యాడికి పోతావు? కాన్పయితే పో, లేకుంటే లేదు" అనేసినాడు నా మొగుడు.

మా పల్లెలో మంత్రసాని ఓబులమ్మ. సగం ఊరు ఆమె చేతుల్లోనే పుట్టింది. ఆమె వచ్చి చెల్లెలి కడుపు తడిమి, బిడ్డ ఇంకా కిందికి దిగలేదనీ, దినాలుండాయనీ, తొందరేమీ లేదనీ చెప్పిపోయింది.

తొందర నాకుండింది.

మొదట అందరూ చేయించే పనులే చేయించినాను. బావి దాకా నడిపించినాను. రాగులు విసిరించినాను. నువ్వులూ బెల్లమూ దంచి ముద్దలు చేసి పెట్టినాను. ఏమీ కాలేదు. నెలలు మీరినోళ్ళకు నొప్పులు రావాలని పెద్దోళ్ళు కొంచెం ఆముదం తాపడం నేను చూసినాను. ఒక పొద్దున మిరియాలూ శొంఠీ వేసి కషాయం కాచి, దాంట్లో ఆముదం వంచినాను. ఎంత పోయాలో నాకు తెలీదు. తెలీదని తెలిసే పోసినాను. పోసి, ఇంకొంచెం పోసినాను. ఆ ఇంకొంచెం ఎందుకు పోసినానని నన్ను నేను ఎన్నిసార్లు అడుక్కున్నానో!

"ఏందక్కా, ఇంత జిడ్డుగా ఉండాది?" అనింది మాబున్ని.

"నడుం నొప్పికి. కండ్లు మూసుకోని తాగెయ్."

"నువ్వు పెడితే విషమైనా తాగుతా గానీ, ఇది మాత్రం నోట్లో పెట్టుకునేట్టు లేదు" అని నవ్వి, గుటగుట తాగేసి, నా కొంగుతో మూతి తుడుచుకుంది.

మధ్యాన్నానికి విరేచనాలు పట్టుకున్నాయి. పొద్దు వాలేసరికి నొప్పులు మొదలైనాయి. విడిచి విడిచి వచ్చే నొప్పులు కావు, ఊపిరి తీసుకోనియ్యని నొప్పులు. తెల్లారినా కాన్పు కాలేదు. చెల్లెలి పెదాలు ఎండిపోయినాయి. ఓబులమ్మ చెమటలు కారతా బయటికొచ్చి నన్ను పొయ్యి కాడికి లాక్కపోయింది.

"అమ్మీ, నిజం చెప్పు. ఏమన్నా తాపినావా? తాపింటే చెప్పు, నేనేమీ అనను. ఇప్పుడే బండి కట్టించి ఆసుపత్రికి తోలిద్దాం. ఏమీ లేదంటే ఈడనే చూసుకుందాం."

"లేదు" అన్నాను.

ఎందుకన్నాను? మొగుడు కొడతాడనా? కాదు, ఆయన అట్లాంటి మనిషి కాదు. నా మొక్కు కోసం చెల్లెల్ని ఇంత చేసినానని నలుగురికీ తెలుస్తుందనే భయం. అంతే. ఆముదం తాపినప్పుడు నాకు తెలీదని అయినా అనుకోవచ్చు. ఈ 'లేదు' అన్నప్పుడు మాత్రం లోపలి నుంచి చెల్లెలి మూలుగు నా చెవిన పడతానే ఉండింది. ఆ మాటకు ఏ సాకూ లేదు.

ఆడబిడ్డ. ఏడవలేదు. ఓబులమ్మ తలకిందులు చేసి అరికాళ్ళు తట్టింది, నోట్లో నోరు పెట్టి ఊదింది. "ఏడుపు ఇనపడదేం అక్కా?" అని మాబున్ని అడగతానే ఉండింది.

సోమందేపల్లె నుంచి దాని అత్తగారోళ్ళు వచ్చి ఎట్ల జరిగిందని నిలదీసినారు. మా అత్త, "ఆ ముసిల్దాని చెయ్యి మంచిది కాదు" అనింది. నేను ఆడనే ఉన్నాను. నోరు తెరవలేదు. ఆ మాట ఊరంతా పాకింది. ఆ పైన కాన్పులకు పక్కూరి మంత్రసానిని పిలిపించుకున్నారు గానీ, ఎవరూ ఓబులమ్మ గడప తొక్కలేదు. కొన్నాళ్ళకు ఆమె కదిరిలో ఉండే కూతురి ఇంటికి పోయింది. ఆమెకు నా సంగతి తెలుసని, తెలిసీ కడుపులో పెట్టుకుందని అనుకునేదాన్ని. అట్ల అనుకుంటే నాకు కొంచెం తేలికగా ఉండేది.

ఆ పండక్కు నేను పోలేదు. మొక్కు తీర్చలేదు. అయినా తరవాత నాకు కొడుకు పుట్టినాడు. పీర్లు కరుణించినారని అందరూ అన్నారు. అది కరుణో ఏమో నాకు ఇప్పటికీ తెలీదు. మాబున్నికి మళ్ళా కడుపు నిలవలేదు. దాని మొగుడు ఇంకోదాన్ని చేసుకున్నాడు. మాబున్ని మా ఇంటికే వచ్చేసింది. నా కొడుకును సాకింది అదే. వానికి జ్వరమొస్తే కూర్చునేది అదే. "నాకు వీడు చాలక్కా" అంటాది. అట్ల అన్నప్పుడల్లా నేను ఏదో పనున్నట్లు లేచి పోతాను.

ఒకసారి చెప్పేద్దామని కదిరికి పోయి, వెతుక్కోని ఓబులమ్మ కూతురి ఇల్లు పట్టుకున్నాను. ముసిలామె పోయి అప్పటికే ఏడాది. కూతురు కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చి, ఏ ఊరని అడిగింది. చెప్పినాను.

"ఆ ఊరి మాటే చెప్పేదమ్మా మాయమ్మ, ఆఖరి దాకా. దూదేకులోళ్ళ బిడ్డ ఎట్ల పోయిందో తెలీలేదే, నా చెయ్యే యాడో తప్పింది అని ఏడ్చేది."

ఆమెకు తెలీదు. నా 'లేదు'ను ఆమె నమ్మింది. నన్ను నమ్మి, తన చేతిని అనుమానించుకోని పోయింది.

అప్పుడన్నా చెప్పొచ్చు కదా? కూతురికైనా చెప్పొచ్చు కదా? మజ్జిగ తాగి, గ్లాసు కడిగి బోర్లించి, బస్సెక్కి వచ్చేసినాను.

నాయన బడికి పంపినందుకు నాకు నాలుగక్షరాలు వచ్చు. వాటితో ఇది రాస్తాండా. నన్ను మన్నించమని అడగను. మన్నించాల్సినోళ్ళలో ఒకామె లేదు, ఇంకొకామె ఇప్పుడు వాకిట్లో కూర్చోని చెనక్కాయలు ఒలుస్తాంది. దానికి చెబుతానో లేదో తెలీదు. చెబితే అది బతుకుతుందా? చెప్పకుంటే నేను బతుకుతాండానా?

కానీ ఒక్కటి. ఇన్నాళ్ళూ నేను ఒంటరిగా ఉన్నప్పుడు కూడా, నాలో నేను కూడా, 'అట్ల జరిగిపోయింది' అనే అనుకునేదాన్ని. అట్ల జరిగిపోలేదు. నేను చేసినాను. ఈ మాట రాసినాక ఊపిరి కడుపు దాకా పోతాంది.