సారు ఖాళీగా వదిలిన గీత

మొన్న సోమవారం పొద్దున ఎనుమాముల మార్కెట్లో, మిరప రాశుల మధ్య రైతులకు గిట్టుబాటు ధర కరపత్రాలు పంచుతున్నాను. మా కాలేజీ అటెండర్ సైకిల్ దిగి, "మీ సారు పోయిండు తమ్మీ. తెల్లారంగ, దవాఖానల," అన్నాడు. చేతిలో మిగిలిన కాగితాలు ఎక్కడ పెట్టానో ఇప్పటికీ గుర్తులేదు.

ఆయన మాకు గ్రామీణ అర్థశాస్త్రం చెప్పేవారు. పేద దేశాల పల్లెల్లో సర్కారు పథకాలు ఎక్కడ పారుతాయి, ఎక్కడ పారవు, ఎందుకు అన్నదే ఆయన చదువంతా. ఆఫ్రికాలో ఏదో ఊరి గురించి చదివినా, మర్నాడు క్లాసులో, "మన ధర్మసాగర్ల అయితే ఏమైతుండె?" అని అడిగేవారు.

నేనేమో అప్పటికే అన్నీ తెలిసినవాణ్ని. బస్టాండులో కొన్న చిన్న పుస్తకాలు నాలుగు చదివి, లేచి నిలబడి దేశం రోగం చెప్పేవాణ్ని. ఆయన కళ్లజోడు పైకి నెట్టి, "జర ఆగు. నీకెట్ల తెలుసు?" అనేవారు. ఎగతాళి కాదు, నిజంగానే తెలుసుకోవాలని. నాకు అదే మరీ మండేది.

ఆ ఏడు సారు మాకో సర్వే అప్పజెప్పారు: రఘునాథపల్లిలో హైబ్రిడ్ జొన్న ఒకసారి వేసినవాళ్లు మళ్లీ ఎందుకు వేయడం లేదో కనుక్కోవాలి. మా నివేదిక చూశాకే, వచ్చే వానాకాలం ఆ ఊరికి ఏ విత్తనం ఇవ్వాలో అధికారులు తేలుస్తారు. ఫారం అడుగున ఒక గీత ఖాళీగా ఉండేది. "మేం అడగంది ఏమన్న ఉన్నదా?" అని అడిగి, వాళ్లు చెప్పింది చెప్పినట్టే అక్కడ పెన్సిల్‌తో రాయాలి. అది సారు పద్ధతి.

నేను సగం ఇళ్లకే వెళ్లాను. మిగతా ఫారాలు బస్సు కోసం చూస్తూ నింపేశాను. ఎరువు కొనలేరు, దొర బతకనివ్వడు. ఇంకేం కారణం ఉంటుంది?

సారు ఒక్కో ఫారం తిప్పి చూశారు. "ఊరంత ఒక్కతీరుగ మాట్లాడుతాందేందయ్యా, బడిల ప్రార్థన లెక్క?"

"అడిగినా అదే చెప్తరు సార్."

"చెప్తరా? పా, అడుగుదాం."

తిట్టలేదు. నివేదిక ఆపేశారు. ఈ పనిలోంచి నన్ను తీసేస్తారనే అనుకున్నాను. మర్నాడు మొదటి బస్సుకే నన్ను వెంటబెట్టుకుని, చర్చి వెనక శాంతమ్మ ఇంటికి తీసుకుపోయారు. ఆమె పేరు మీద దొర దౌర్జన్యం గురించి నేను మంచి వాక్యం రాసి ఉన్నాను.

శాంతమ్మ నవ్వింది. "ఏ దొర? నా చెలక భూమి నాదే. గింజ మంచిగనే ఎల్లింది కొడుకా, చొప్పనే పొట్టిగైంది. మా బర్రె మూతి గూడ పెట్టలే. గింజ మేం తింటిమి, మరి బర్రెకు నిన్ను మేపాల్నా?"

సారు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. వెంటనే ఆయనకు కుతూహలం పట్టుకుంది. బర్రె ఏ చొప్ప తింటది, ఎండకాలం ఎట్ల ఎల్లదీస్తరు? ఆమె చెప్తూ పోయింది, నేను రాస్తూ పోయాను.

తిరుగు బస్సులో అన్నారు: "ఏ దేశంలనైనా విత్తనం ఇచ్చేటోళ్లు గింజ చూస్తరయ్యా. ఏసేటోళ్లు మొక్కంత చూస్తరు." దిగేటప్పుడు, "అడగంది రాయకు," అన్నారు. అంతే. మిగిలిన ఇళ్లన్నీ మళ్లీ నాతోనే తిప్పించారు. లోకం తీరు మీద నాకు కోపం ఇప్పటికీ ఉంది. కాకపోతే వెళ్లి అడిగొచ్చాక తెచ్చుకుంటున్నాను.

నిన్న పోయి శాంతమ్మకు చెప్పాను. చొప్ప నరుకుతున్న చెయ్యి ఆగింది.

"అయ్యో... సారుది ఏ ఊరు కొడుకా? వాళ్లమ్మ ఉన్నదా?"

తెలియదు. మూడేళ్లు వెంట తిరిగాను. ఎవరింటికి పోయినా వాళ్ల మంచీచెడూ అడిగిన మనిషిని, నేను ఒక్కనాడూ ఏమీ అడగలేదు.

సంచిలో అప్పటి ఖాళీ ఫారం ఒకటి మిగిలి ఉంది. గడపలో కూర్చొని, పైన ఆయన పేరు రాశాను. అడుగున, 'అడగంది' రాసే గీత దాకా వచ్చి పెన్సిల్ ఆపాను. శాంతమ్మ నా చేతి దిక్కే చూస్తోంది. వాకిట్లో బర్రె పొడుగు చొప్ప కరకర నములుతోంది.