చిన్నమామ కాలికి పంపు వేట

చదువైపోయి ఉద్యోగం ఇంకా రాని ఆ రోజుల్లో మనిషికి ఏదో ఒకదాని మీద గట్టి నమ్మకం ఉండాలి, లేకపోతే ఇంట్లో కూర్చుని అన్నం తినడం కష్టం. కొందరికి దేవుడి మీద ఉంటుంది, కొందరికి పోటీ పరీక్షల మీద. నాకు వాక్యూమ్ పంపు మీద ఉండేది. గాలిని సరిగ్గా లాగే పంపు ఒక్కటి దొరికితే మా ఇంట్లో సగం కష్టాలు తీరిపోతాయని మనస్ఫూర్తిగా నమ్మాను. (నాకు పెళ్ళయితే మొత్తం తీరతాయని మా పెద్దమ్మ నమ్మకం.)

కష్టాలకేం, కావలసినన్ని. మైపాడులో పడవ మీద వేటకు పోయే మా అమ్మ తమ్ముణ్ణి చిన్నమామ అని పిలిచేదాన్ని. వల లాగుతుండగా తాడు కాలికి చుట్టుకుని ఆయనకు మోకాలి కింద నరం తెగింది. కాలు మిగిలింది గానీ పాదం చచ్చిపోయింది. అడుగు వేస్తే వేళ్ళు ఇసుకలో గీసుకుంటూ వచ్చేవి. ఆస్పత్రిలో ఇచ్చిన ఇనపకడ్డీల బూటు ఉప్పుగాలికి తుప్పు పట్టింది. ఆ ఏడాదే అమ్మమ్మ మా ఇంట్లో మంచాన పడి, గొంతులో కఫం తీయించుకుంటూ తీయించుకుంటూ పోయింది. సమాధి దగ్గర పెద్దమ్మ, "కొడుకునట్టా చూళ్ళేకే పోయింది మాయమ్మ" అని చిన్నమామ ఎదుటే ఏడ్చింది. ఆ తర్వాత ఆయన మాట్లాడడం మానేశాడు. మా వసారాలో కూర్చుని, తనది కాదన్నట్టు ఆ పాదం వంక చూస్తుండేవాడు.

కాలేజీలో మేం కొందరం పోటీ కోసం చిన్న కారు ఒకటి కట్టాం. దాని తలుపులకి వాడిన కార్బన్ ఫైబర్ గుడ్డ కొంత నా పెట్టెలో మిగిలింది. నల్లటి ఆ గుడ్డని జిగురులో తడిపి, అచ్చు మీద పరిచి, పైన ప్లాస్టిక్ సంచి మూసి లోపలి గాలి లాగేస్తే, గట్టిపడ్డాక ఇనుమంత బలంగా, కొబ్బరిచిప్పంత తేలిగ్గా తయారవుతుంది. దానితో చిన్నమామకి పాదాన్ని ఎత్తిపట్టే పట్టీ చేస్తానన్నాను. నేను కాలికి ప్లాస్టర్ కట్టు చుట్టి అచ్చు తీస్తుంటే, ఆయన ఎవరి కాలో అన్నట్టు ఊరుకున్నాడు. ఆ కట్టులో ప్లాస్టర్ పోసి తీసిన తెల్లటి కాలుని ఆరడానికి కిటికీలో నిలబెడితే, ప్రార్థనకి వచ్చిన పాస్టరమ్మ చూసి "ప్రభువా!" అని గడపలోనే కూలబడింది. ఆమెకి మంచినీళ్ళిచ్చి లేపేసరికి ప్రార్థన టైము కాస్తా అయిపోయింది.

ఇక మిగిలింది పంపు. పాత ఇనుము కొట్టులో ఫ్రిజ్ కంప్రెసర్ ఒకటి సంపాదించి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చాను. అది గాలిని లాగినంత సేపూ నూనె కక్కింది, తర్వాత పొగ కక్కింది. పక్కింటివాళ్ళ ఇల్లు ఊడ్చే వాక్యూమ్ మిషన్ అరుపులే గానీ పట్టు లేదు. సంచి పెళ్ళికూతురి ముసుగులా అచ్చు మీద వదులుగా ఊగింది. నెల్లూరులో ఏసీలు బాగుచేసే భాయ్ దగ్గర అసలైన పంపు ఉంది. "చానా గట్టిగా లాగతాదమ్మా. అయితే ఎండలు తగ్గేదాకా నా చెయ్యి దాటదు" అన్నాడు. ఎండలు తగ్గడం మా నెల్లూరులో జరిగే పనేనా!

అప్పుడు గుర్తొచ్చింది, అమ్మమ్మ మంచం కింద తువ్వాలు కప్పి ఉన్న కఫం లాగే మిషన్. ఆమె పోయాక దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. దానికి గాలి ఎంత లాగుతోందో చూపే ముల్లుంది, నూనె గొడవ లేదు. పంపుగా వంక పెట్టడానికి లేదు. అమ్మని అడగడానికే నోరు రాలేదు. చివరికి చిన్నమామనే అడిగాను. ఆయన వంగి మంచం కిందికి చూసి, "మాయమ్మదే గదా. ఎయ్యి పాపా" అన్నాడు.

మధ్యాహ్నం అచ్చు మీద జిగురులో తడిపిన గుడ్డ పరిచి, సంచి అంచులు అంటించి, స్విచ్చి వేశాను. ఆ గురగుర చప్పుడు ఇల్లంతా వినబడింది. అంతే, వంటింట్లోంచి అమ్మ చేతిలో తువ్వాలుతో, "వస్తుండానమ్మా, వస్తుండా" అంటూ పరుగెత్తుకొచ్చింది. వచ్చి, ప్లాస్టిక్ సంచిలో నల్లగుడ్డ చుట్టుకున్న తెల్లకాలుని చూసి ఆగిపోయింది.

"ఏందిమే ఇది?"

"చిన్నమామ కాలు" అన్నాను.

అమ్మ నవ్వింది. నవ్వుతూనే కూర్చుని, తువ్వాలు మొహాన పెట్టుకుని ఏడ్చింది. చిన్నమామ పాదం ఈడ్చుకుంటూ వచ్చి ఆమె పక్కన కూర్చున్నాడు. అమ్మ కళ్ళు తుడుచుకుని, "అంతసేపు ఎయ్యగాకమే, కాలిపోతాది. ముల్లు దిగినప్పుడు ఎయ్యి" అంది. నేను గొట్టానికి బిగింపు పెట్టి మిషన్ ఆపాను. పొద్దు గూకేదాకా అక్కాతమ్ముళ్ళిద్దరూ ఆ ముల్లుని, మంచంలో మనిషిని చూసినట్టు చూస్తూ కూర్చున్నారు.

పట్టీ బాగా కుదిరింది. ఆస్పత్రిలో చూపించి, అంచులు నున్నగా చేయించి కట్టాం. చిన్నమామ వేళ్ళు నేలకి తగలకుండా నడిచాడు. మర్నాడు తెల్లారకముందే రేవుకి బయల్దేరాడు, వెనక నేను, గొప్ప శస్త్రచికిత్స చేసిన డాక్టరులా. పడవ నడిపే పెద్ద చిన్నమామ భుజం మీద చెయ్యేసి, "నడక బాగుండాది బావా. పడవలోకి మాత్రం వద్దులే. ఇంకోసారి నిన్నట్టా మోసుకొచ్చే గుండె మాకు లేదు" అన్నాడు. చిన్నమామ తలూపాడు. పడవ అలలు దాటేదాకా నిలబడి, వెనక్కి తిరిగి, "టీ తాగుదాం రా పాపా" అన్నాడు. నా గ్లాసు చేతిలోనే చల్లారిపోయింది. ఆయన మాత్రం రెండు తాగాడు.

తర్వాత తోటపల్లి గూడూరులో రొయ్యల గుంటల దగ్గర పనికి కుదిరాడు, ఇప్పటికీ అక్కడే. గట్ల మీద గబగబా నడుస్తాడని, మాట్లాడడం మాత్రం పెరగలేదని అమ్మ చెబుతుంటుంది. నేనిప్పుడు అలాంటి నల్లగుడ్డతోనే విడిభాగాలు చేసే కంపెనీలో ఉన్నాను. పంపు ఎక్కడో వేరే గదిలో ఉంటుంది, నేను దాని మొహం కూడా చూడను. ఒక్కోసారి గోడకున్న మీట నొక్కుతుంటే, కంప్రెసర్ని ఒళ్ళో పెట్టుకుని, చీరంతా నూనె చేసుకుని, మైపాడు బస్సులో వెలిగిపోతున్న మొహంతో కూర్చున్న ఆ పిల్ల గుర్తొస్తుంది. సరైన పంపు దొరికితే సముద్రం కూడా సరేనంటుందనుకుంది పాపం. ఎదురుపడితే నేనేమీ చెప్పను. పక్కన కూర్చుని, ఆ పంపు గొప్పతనం ఏమిటో ఊరొచ్చేదాకా చెప్పించుకుంటాను.