నీలమ్మ బుట్టలో లెక్క

మా వైకుంఠరావు మాస్టారికి జీవితం మొత్తంలో అచ్చయిన పరిశోధనా పత్రం ఒక్కటే. చిలికా సరస్సులో దొరికే ఖైంగా చేపల మీద రాసింది. దాన్ని పటం కట్టించి, అంకులిలో తమ ఇంటి ముందుగదిలో వేలాడదీసుకున్నారు. వచ్చినవాళ్లు ముందు దాన్ని చూడాలి, తర్వాతే కాఫీ.

బరంపురం కాలేజీలో జువాలజీ చెప్పేవారు. ఏటా సైన్సు సదస్సులకు మాలాంటి కొత్త పరిశోధకుల్ని వెంటబెట్టుకెళ్లేవారు. టీ విరామంలో బరంపురం అప్పడాల పొట్లం ఏ పెద్ద ప్రొఫెసర్ చేతిలోనో పెట్టి, ఆయన నవ్వేలోగా మమ్మల్ని ముందుకి తోసి, తాను వెనక్కి తప్పుకునేవారు. అప్పట్లో సిగ్గుతో చచ్చినంత పనయ్యేది. ఇప్పుడు ఎక్కడైనా అప్పడాలు వేగే వాసన తగిలితే ఏడుపొస్తుంది.

ఇంకో అలవాటు కూడా ఉండేది. రైల్లో ఎదురుగా ఎవరు కూర్చుంటే వాళ్లకి మా పత్రం మామూలు మాటల్లో చెప్పి తీరాలి.

డెబ్బై ఆరులో కటక్ సదస్సు నాకు మొదటిది. అక్కడ నా పత్రం నెగ్గితేనే ఫెలోషిప్, లేకపోతే చదువు చాలించి మా ఊరు చికిటి వెళ్లిపోవడమే. రంభ స్టేషన్లో చేపలబుట్టతో నీలమ్మ అనే ఆవిడ ఎక్కింది.

"రాజ్యం, ఈవిడకి సెప్పు," అన్నారు మాస్టారు.

చెప్పాను. చిలికాలో గుడ్లున్న ఖైంగాలు ఏటేటా తగ్గిపోతున్నాయనీ, రంభ బజారులో బుట్టబుట్టా లెక్కపెట్టాననీ.

నీలమ్మ పకపకా నవ్వింది. "బజార్లో ఏటి సూస్తావమ్మా? గిరాకీ ఏటేటా పెరుగుతందని గుడ్డుసేపలు రేవులోనే ఏరీసి సావుకార్లకి ఇచ్చీస్తాం. మిగిలినియ్యే బుట్టలోకొస్తాయి."

ఆ లెక్క నేర్పింది మాస్టారే. పటంలో ఉన్నదీ రంభ బజారు లెక్కే. నేను నిజం చెబితే ఆ పటం గతేమిటి?

మాస్టారు వంగి ఆ బుట్టలోని చేపల్ని ఒక్కొక్కటే పొట్ట నొక్కి చూశారు.

"ఈవిడ సెప్పిందే అక్కడ సెప్పు," అన్నారు చివరికి.

"మరి మీ పత్రం, మాస్టారూ?"

"సెప్పమన్నానా!" అని కసిరారు. నన్ను కసరడం అదే మొదలు.

కటక్ హాల్లో అలాగే చెప్పాను. నా అంకెలు చిలికావి కావు, బుట్టవి అన్నాను. ఎవరో కిసుక్కున నవ్వారు. "ఈ పద్ధతి ఎవరు నేర్పారమ్మా?" అని ముందు వరుసలోంచి ఓ ప్రొఫెసర్ అడిగారు. చంపినా ఆ పేరు చెప్పదల్చుకోలేదు.

వెనక వరుసలో కుర్చీ కిర్రుమంది. "నేనేనండీ. నా పత్రంలోనూ అదే తప్పు," అన్నారు మాస్టారు. ఎప్పుడూ వెనక్కి తప్పుకునే మనిషి, అందరూ తిరిగి చూస్తుంటే అలాగే నిలబడ్డారు.

రేవులో మళ్లీ లెక్కపెట్టమని నాకు ఫెలోషిప్ ఇచ్చారు. తిరిగొచ్చాక భయపడుతూనే అంకులి వెళ్లాను. పటం తీసేసి ఉంటారనుకున్నాను. అక్కడే ఉంది. అద్దం మీద చిన్న కాగితం, దానిమీద ఆయన చేతిరాత: "ఇది తప్పు. దిద్దినవారు నీలమ్మ (రంభ), రాజ్యం (చికిటి)."

ఆయన పోయేదాకా, వచ్చినవాళ్లు ముందు ఆ కాగితం చదవాలి, తర్వాతే కాఫీ.