బాగానే ఉన్నానన్న తాత

హిందీ మాట్లాడే మా ఊరి ఆసుపత్రిలో కొత్త నర్సులకు సానుభూతి మీద శిక్షణ పెట్టారు. రోగి పక్కన స్టూల్ మీద కూర్చోవాలి, కళ్లలోకి చూడాలి, "మీ బాధ నాకు అర్థమవుతోంది" అని హిందీలో అనాలి. ఎవరి బాధ ఎవరికి అర్థమవుతుందో! వింటుంటే ఒళ్లు మండేది. కానీ ఉద్యోగం కొత్త, నోరు మూసుకున్నాను.

పరీక్ష వార్డులోనే. నాకు అప్పగించిన రోగి మరోదా కాలనీలో ఉండే ఒక తాత. ఎప్పుడో శ్రీకాకుళం నుంచి వచ్చి, ఇక్కడి స్టీల్ ప్లాంటులో ఫర్నేస్ దగ్గర పనిచేసి రిటైరయ్యాడు. ముందురోజే కడుపు ఆపరేషన్ అయింది. పరీక్ష కోసం ఆయన భార్యను బయటికి పంపి, శిక్షణ ఇచ్చిన మేడమ్ నా వెనకే నిలబడింది. నేర్పినట్టే, ఎలా ఉందని హిందీలో అడిగాను.

"సబ్ ఠీక్ హై, మేడమ్," అన్నాడు నాతో.

మేడమ్ తల ఊపింది. నాకు మాత్రం భయం వేసింది. తాత నుదుటి నిండా చెమట. మంచం కమ్మీని గట్టిగా పట్టుకున్నాడు. నాడి పరుగెడుతోంది. మళ్లీ అడిగాను, మళ్లీ అదే జవాబు. సెక్టర్ 2 క్వార్టర్స్‌లో ఉండే మా నాన్నా ఇంతే, ఆయనదీ అదే ప్లాంటు. హిందీలో ఎవరడిగినా ప్లాంటు ఇన్‌ఛార్జి అడిగినట్టే, కాలు విరిగినా ఠీక్ హై. అన్‌ఫిట్ అని రాసి పనిలోంచి తీసేస్తారన్న భయం రిటైరైనా పోదు.

ఇక్కడే పుట్టి పెరిగిన నాకు తెలుగు అంతంత మాత్రం. అయినా కోపం ఆగలేదు. "ఏటి తాతా, ఇలాగే సచ్చిపోతావేటి? ఎక్కడ నొప్పో సెప్పు!"

"పేషెంట్‌తో మాట్లాడే పద్ధతేనా ఇది?" అంది మేడమ్ హిందీలో.

తాత నన్ను తేరిపార చూశాడు. "మనోల్ల గుంటవా తల్లీ? కడుపు బిగిసిపోనాదమ్మా. తెల్లారగట్ల నుండీ కళ్లు తిరుగుతున్నాయి."

మేడమ్ వైపు చూడకుండా బెల్ నొక్కాను. డాక్టర్ వచ్చి పొట్ట మీద చెయ్యి వేశాడో లేదో, లోపల రక్తం పోతోందంటూ థియేటర్‌కి పరుగు పెట్టించాడు.

థియేటర్ తలుపు బయట తాత భార్య. ఆమెను వదిలి కదలలేకపోయాను. చివరికి డాక్టర్ వచ్చి, గండం గడిచింది, ఇంకాస్త ఆలస్యమైతే దక్కేవాడు కాదన్నాడు.

అప్పుడు ఏడ్చిందామె. "పొద్దున్నుండీ పక్కనే కూకున్నాను. నానడిగితే బాగానే ఉన్నానన్నాడు. నీకు సెప్పినోడు నాకెందుకు సెప్పలేదమ్మా?"

జవాబు నాకు తెలుసు. నేను భయపడితే ఆయనకేం? ఆమె భయపడితే చూడలేడు. ప్రేమే, కాదనను. ఆ ప్రేమే ఆయన్ని చంపబోయిందని ఆమెతో ఎలా చెప్పను?