తాళాలక్క తెరవని తలుపు

ఆ కస్టోడియన్ బ్యాంకులో అందరూ ఆవిడని తాళాలక్క అనేవారు. జనం కొనుక్కున్న షేర్ల కాగితాలు దాచే ఉక్కు గదికి తాళం చెవులు రెండు. ఒకటి ఆఫీసరు దగ్గర, రెండోది ఆవిడ నడుముకి. రెండూ తిరిగితేనే తలుపు కదులుతుంది. ఏది కొనాలో, ఏది అమ్మాలో చెప్పే కంపెనీలు వేరు. కాగితాలు దాచే ఈ బ్యాంకు వేరు.

"చెప్పే నోరూ, దాచే చెయ్యీ ఒక్కరివే అయితే మా ఆయన గతే పడుతుంది" అనేది, కొత్తగా చేరినవాళ్ళతో.

ఆయన గతేమిటంటే, ఉన్న షేర్లన్నీ తీసుకెళ్ళి, ఏది కొనాలో చెప్పే తమ్ముడి చేతిలోనే పోశాడు. "నా దగ్గరుంటే నీ దగ్గరున్నట్టే అన్నయ్యా" అన్నాడు తమ్ముడు. వాడి బీరువాలోంచి అవి ఎప్పుడు అమ్ముడుపోయాయో దేవుడికే తెలియాలి. అన్న ఆస్పత్రిలో పడ్డాక, మందులకైనా ఏదో ఒకటి ఇమ్మని ఆవిడ మరిది ఆఫీసుకి వెళ్ళింది. గుమస్తా వరండాలో చెక్క బల్ల చూపించి, "సార్ మీటింగులో ఉన్నారమ్మా, కూర్చోండి" అన్నాడు. దీపాలార్పేదాకా కూర్చుంది. లోపల్నుంచి మరిది నవ్వు వినిపిస్తూనే ఉంది.

ఆయన పోయాక ఈ ఉద్యోగంలో చేరింది. ఏడుపు ఎండిపోయింది గానీ ఆ బల్ల మాత్రం కడుపులో అలాగే ఉండిపోయింది.

మరిది పెద్దవాడయ్యాడు. జనం డబ్బుతో షేర్లు కొనిపెట్టే కంపెనీ పెట్టాడు. కొన్నవన్నీ వచ్చి చేరింది ఆవిడ గదిలో ఒక అరలోనే! రోజూ ఆ అర ముందు నడుస్తూ పళ్ళు నూరుకునేది.

ఒక మధ్యాహ్నం మరిదే స్వయంగా దిగాడు. ఆఫీసరుని అప్పటికే మంచి చేసుకున్నట్టున్నాడు. ఆయన వచ్చి తన తాళం తిప్పేసి, ఏమీ ఎరగనట్టు పైకి వెళ్ళిపోయాడు.

"బావున్నావా వదినా? బొత్తిగా చిక్కిపోయావే!"

"నా వంతు కూడా నువ్వే ఒళ్ళు చేశావుగా. ఏం కావాలి?"

"మా అరలోవి ఒక్క పూటకి ఇవ్వు. అప్పిచ్చేవాడికి చూపించి తెచ్చేస్తాను."

"అమ్మినట్టు ఉత్తర్వుందా? అది లేందే కాగితం గడప దాటదు."

"మనలో మనకి అవన్నీ ఏంటి వదినా!"

ఆవిడ లెక్క వేసుకుంది. వీడు తాకట్టు పెడతాడు, తిరిగి తేడు. తనిఖీలో దొరికిపోతాడు. తలుపు తీస్తే చాలు, వాడి చేతులకి సంకెళ్ళు! తన ఉద్యోగం పోతే పోనీ. నడుం దగ్గరి తాళం తీసి రంధ్రంలో పెట్టింది.

మరిది ముఖం విప్పారింది. "భయపడకు వదినా. నా దగ్గరుంటే నీ దగ్గరున్నట్టే."

చెయ్యి ఆగిపోయింది. అవే మాటలు. అదే గొంతు. ఆ అరలోవి వీడివి కావు, తన భర్తలాగే వీణ్ణి నమ్మినవాళ్ళవి. వాళ్ళని ముంచి వీణ్ణి పట్టిస్తే, తనకీ వీడికీ తేడా ఏముంది?

తాళం వెనక్కి లాగి నడుముకి దోపుకుంది. గోడకున్న ఫోను తీసి, పై అంతస్తులోని పెద్దాఫీసరుకి చెప్పింది: "అమ్మకం లేకుండా కాగితాలు అడుగుతున్నారండీ. ఒక తాళం తిప్పేశారు కూడా. తనిఖీవాళ్ళని పిలవండి."

మరిది ముఖంలో నెత్తురు చుక్క లేదు. "వదినా! ఈ అప్పు పుట్టకపోతే నా కంపెనీ మునిగిపోతుంది!"

"మునిగేది నువ్వేగా. అరలోవి మునగవు. రేపు అజమాయిషీకి ఇంకో కంపెనీ వస్తుంది. ఇవి అంగుళం కదలవు."

"అన్నయ్య ముఖం చూసైనా..."

"ఆ ముఖాన్ని చివరిసారి చూడ్డానికైనా రాలేదు నువ్వు."

జారుకోబోయాడు. బయటి కటకటాల తలుపు దగ్గర కాపలావాడు అడ్డం నిలబడ్డాడు. చెమటలు కక్కుతూ వెనక్కి తిరిగాడు. "పెద్దాఫీసరుతో ఒక్క మాట మాట్లాడనీ. నీ కాళ్ళు పట్టుకుంటా."

తాళాలక్క కటకటాల పక్కనున్న చెక్క బల్ల చూపించింది. ఇన్నేళ్ళూ నోట్లో నానిన మాట ఎంతో మర్యాదగా బయటికొచ్చింది.

"సార్ మీటింగులో ఉన్నారు. కూర్చో."